సైకిల్ ట్రాక్ అడిగే ముందు: పెయింటా, బొల్లార్డులా, గట్టా, కాలనీ వీధులా?

మెయిన్ రోడ్డు మీద సైకిల్ ట్రాక్ వేస్తారన్న వార్త రాగానే ఊరు రెండుగా చీలుతుంది. "ఉన్న రోడ్డే చాలక చస్తుంటే సైకిళ్ళకి వేరే దారా?" అని ఒక పక్క. "ఇంకెన్నాళ్ళు కార్లకే రోడ్లు?" అని మరో పక్క. రెండు పక్షాలూ గంటసేపు వాదించుకుని ఇళ్ళకు పోతాయి. ట్రాక్ ఎంత వెడల్పు ఉంటుంది, జంక్షన్ దగ్గర ఏమవుతుంది, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి అని మాత్రం ఎవరూ అడగరు. టెండరు అయిపోయి పని మొదలయ్యాక తెలుస్తుంది, అది రోడ్డు పక్కన ఆకుపచ్చ పెయింటేనని.

కాలనీ సంఘం తరఫునో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫునో ఇలాంటి మీటింగులకి వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా పక్షం ఏమిటో ముందే చెప్పేస్తాను. సైకిళ్ళకి వేరే దారి ఉండాలి. అయితే అరకొరగా వేసిన ట్రాక్ కంటే అసలు వేయకపోవడమే మేలు. ఎందుకంటే ఆరు నెలల్లో అది పార్కింగ్ స్థలంగా మారుతుంది, ఆ తర్వాత పదేళ్ళపాటు "ఒకసారి వేశాం కదా, ఎవరూ తొక్కలేదు" అన్న సమాధానమే వస్తుంది.

ముందు తొక్కేదెవరో చూడండి

సైకిల్ ట్రాక్ అనగానే మనకి హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని ఆదివారం పొద్దున్నే బయల్దేరేవాళ్ళు గుర్తొస్తారు. మీ రోడ్డు మీద ఒక మామూలు రోజున పొద్దున ఆరింటికీ, రాత్రి ఎనిమిదింటికీ నిలబడి చూడండి. పేపర్ వేసే కుర్రాళ్ళు, రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకున్నవాళ్ళు, డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల అయితే షిఫ్టు మారే కార్మికులు, స్కూలుకి పోయే పిల్లలు కనిపిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిల్ ఉంది. "ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారండీ" అనేవాళ్ళకి వీళ్ళు కనబడరు, అంతే. మీటింగుకి కూడా వీళ్ళు రారు. ఆ టైములో డ్యూటీలో ఉంటారు.

ఇక్కడ హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్ మంచి పాఠం. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన సోలార్ కప్పు, 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో హైవే మధ్యన సోలార్ కప్పుతో వేసిన సైకిల్ దారిని చూసి కట్టారు. ఎండ తగలదు, వాన తగలదు, లారీ గుద్దే భయం లేదు. తొక్కడానికి హాయిగా ఉంటుంది. కానీ చాలామంది అక్కడిదాకా కారుకి సైకిల్ కట్టుకుని వెళ్ళి, తొక్కి, మళ్ళీ కారెక్కి ఇంటికొస్తారు. అది వ్యాయామానికి దారి. పనికి పోయే దారి కాదు. మీ ఊళ్ళో ఇలాంటిది అడగాలనుకుంటే అడగండి, తప్పేం లేదు. అది వచ్చినంత మాత్రాన పాలక్యాన్ల ఆయనకి ఒరిగేదేమీ ఉండదని మాత్రం తెలిసి అడగండి.

ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసే పద్ధతి కూడా ఈ కోవలోదే. ట్యాంక్‌బండ్ మీద 2021లో సండే ఫండే పెట్టినప్పుడు జనం ఎలా వచ్చారో చూశాం. సరదాకి బాగుంటుంది. సోమవారం పొద్దున దానితో పనిలేదు.

పెయింట్ ఒక్కటే అయితే వద్దనండి

ఖర్చు తక్కువ, ఫొటో బాగా వస్తుంది, పని వారంలో అయిపోతుంది. అధికారులకి పెయింట్ నచ్చడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. మన దగ్గర రోడ్డు ఎడమ అంచున గీత గీస్తే దాని మీద సాయంత్రానికి బండ్లు ఆగుతాయి. ఇది మనవాళ్ళ క్రమశిక్షణ గురించి వేసే జోకు కాదు, లండన్‌లోనూ ఇదే జరిగింది.

అక్కడ సైకిల్ సూపర్‌హైవేలు అని పెద్ద పేరు పెట్టి 2010 నుంచి నీలం పట్టీలు వేశారు. ఆల్డ్‌గేట్ నుంచి బౌ వరకు వేసిన రెండో నంబరు దారి 2011లో తెరిచారు. అదే ఏడాది బౌ రౌండబౌట్ దగ్గర నెలరోజుల తేడాలో ఇద్దరు సైక్లిస్టులు లారీల కింద పడి చనిపోయారు. నీలం రంగు చూసి ఇక్కడ మనకి భద్రత ఉందని సైకిల్ తొక్కేవాళ్ళు నమ్ముతున్నారు, నిజానికి లేదు అని మరణ విచారణ జరిపిన అధికారి తప్పుపట్టారు. చివరికి 2016 నాటికి ఆ దారిని చాలావరకు తవ్వి గట్టు కట్టాల్సి వచ్చింది. అంటే పెయింట్ ఖర్చు, దాని మీద గట్టు ఖర్చు, రెండూ అయ్యాయి.

గట్టుతో వేసిన ట్రాక్‌కి లోపల రంగు వేస్తే మంచిదే. సందు మలుపుల దగ్గర అయితే తప్పక వేయాలి. నేను వద్దంటున్నది రంగు తప్ప ఇంకేమీ లేని ట్రాక్‌ని.

బొల్లార్డులు: ఆరు నెలల ట్రయల్‌కి మాత్రమే

ప్లాస్టిక్ స్తంభాలు బిగించి రోడ్డులో ఒక ముక్క వేరుచేయడం కోవిడ్ రోజుల్లో ప్రపంచమంతా నడిచింది. బెంగళూరులో 2020లో అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్‌బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల పాప్-అప్ (తాత్కాలిక) దారి మొదలుపెట్టారు. ఐటీ కంపెనీల రోడ్డు, తొక్కే కుర్రాళ్ళకి కొదవలేదు. కానీ బొల్లార్డులు ఒక్కొక్కటిగా విరిగాయి, మధ్య ఖాళీల్లోంచి బైకులు దూరాయి, తర్వాత మెట్రో పనులొచ్చి దారే కనిపించకుండా పోయింది.

బొల్లార్డులకి తొందరగా పీకేయొచ్చన్న సౌకర్యం ఉంది. అదే దాని లోపం కూడా. లండన్‌లో కెన్సింగ్టన్ హై స్ట్రీట్ మీద 2020 శరదృతువులో వేసిన తాత్కాలిక లేన్‌ని స్థానిక కౌన్సిల్ ఏడు వారాల్లోనే తీసేసింది. ఒక లేన్ జనానికి అలవాటు కావడానికి ఆ టైము ఏ మూలకీ చాలదు. వ్యతిరేకించేవాళ్ళు మొదటి నెల ట్రాఫిక్ జామ్ ఫొటోలు చూపిస్తారు. సైకిల్ కొనుక్కుందామా వద్దా అని ఆలోచించేవాడు ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు.

కాబట్టి బొల్లార్డులు ఒప్పుకుంటే ఒక షరతు మీద ఒప్పుకోండి: ఎన్ని నెలలు ఉంచుతారు, ఏమేం లెక్కపెడతారు, ఏం తేలితే పక్కా గట్టు కడతారు అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. టొరంటోలో బ్లూర్ స్ట్రీట్ మీద 2016లో 2.4 కిలోమీటర్లు ఇలాగే ట్రయల్ వేసి, సైకిళ్ళు, కార్ల ప్రయాణ సమయం, షాపులకి వచ్చే జనం అన్నీ లెక్కించి 2017 నవంబరులో శాశ్వతం చేశారు. (ఆ కథ అక్కడితో ఆగలేదు. 2024లో ప్రావిన్స్ ప్రభుత్వం బ్లూర్‌తో సహా మూడు రోడ్ల లేన్లు తీసేయడానికి చట్టం చేసింది, 2025 జూలైలో కోర్టు అది ప్రజల ప్రాణభద్రత హక్కుకి విరుద్ధమంది. ట్రాక్ వేయించడం కంటే నిలబెట్టుకోవడమే కష్టం.)

గట్టు కట్టాలి సరే, ట్రాక్ రోడ్డు మట్టంలోనా, ఎత్తులోనా?

అసలైన ఎంపిక ఇది. మీటింగుల్లో దీని గురించి మాట్లాడే మనిషి దొరకడు.

ఒక పద్ధతి: రోడ్డు అంచు ముక్కనే వదిలేసి, దానికీ వాహనాలకీ మధ్య కాంక్రీటు గట్టు కట్టడం. రెండో పద్ధతి: ట్రాక్‌ని రోడ్డు కంటే నాలుగైదు అంగుళాలు పైకి లేపి, ఫుట్‌పాత్ కంటే కాస్త కిందికి ఉంచడం. కోపెన్‌హాగన్‌లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. మొదటిది చవక, తొందరగా అవుతుంది. అందుకే మనకి దాన్నే చూపిస్తారు.

మన వానలకి మాత్రం రెండోదే సరైనదని నా అభిప్రాయం. రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుల వైపు వాలు ఉంటుంది. పడ్డ నీళ్ళన్నీ ఎడమ అంచుకే చేరతాయి. అక్కడే మీరు సైకిల్ ట్రాక్ పెట్టి, పక్కన గట్టు కూడా కట్టారంటే కాలవ తవ్వినట్టే. గంట వాన పడితే చక్రం సగం మునుగుతుంది, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఆ భయం విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టుకి మధ్యమధ్యలో ఖాళీలు వదులుతాం, నీళ్ళు పోతాయి అంటారు. ఆ ఖాళీలు చెత్తతో పూడకుండా ఎవరు చూస్తారో అడగండి.

వాన నీటి జాలీల సంగతి కూడా చూడాలి. మన దగ్గర చాలా జాలీల కడ్డీలు రోడ్డు పొడవునే ఉంటాయి. కారు టైరుకి ఏమీ కాదు. సన్నటి సైకిల్ టైరు మాత్రం నేరుగా ఆ సందులోకి దిగుతుంది, తొక్కేవాడు హ్యాండిల్ మీదుగా ముందుకి పడతాడు. కడ్డీలు అడ్డంగా ఉన్న జాలీలు వేయమనడం చిన్న కోరిక. ఖర్చు పెద్దగా ఉండదు. డ్రాయింగులో రాయించకపోతే మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఊడ్చే పని ఇంకొకటి. గట్టు లోపల రోడ్డు మట్టంలో ఉన్న సన్నటి ట్రాక్‌లోకి రోడ్లూడ్చే యంత్రం దూరదు. చీపురుతో ఊడ్చే కార్మికులకి ఆ ముక్క తమ బీట్‌లో ఉందో లేదో తెలియదు. కారు చక్రాల గాలికి ఎగిరి వచ్చిన ఇసుక, గాజుపెంకులు అక్కడే చేరతాయి. నెల తిరిగేసరికి సైకిల్ తొక్కేవాడు ట్రాక్ వదిలి రోడ్డెక్కుతాడు, అప్పుడు కారులోని పెద్దమనిషి అద్దం దించి "అంత ఖర్చుపెట్టి ట్రాక్ వేస్తే రోడ్డు మీద ఎందుకు?" అంటాడు.

ఇక అందరూ అడిగేది: బైకులు దూరితే? దూరతాయి. ఢిల్లీలో అంబేద్కర్‌నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్ కారిడార్‌లో 2008లో మంచి సైకిల్ ట్రాకులే వేశారు. రోడ్డు జామ్ అయినప్పుడల్లా మోటార్‌సైకిళ్ళు వాటిలోంచే పోయేవి. 2016లో ఆ కారిడార్‌నే ఎత్తేశారు. ఎంట్రీ దగ్గర ఇరుకుగా స్తంభాలు పెడితే సరిపోతుందని కొందరంటారు. స్కూటర్ హ్యాండిల్ కంటే రెండు పాలక్యాన్లు కట్టిన సైకిలే వెడల్పు. బండి ఆగేంత ఇరుకు పెడితే ముందు ఆగేది పాలవాడే.

అడ్డంకి ఒక్కటే పెట్టి బైకుని ఆపలేం. ఆ దారి బైకువాడికి లాభంగా లేకుండా చేయాలి. ప్రతి వంద, నూటయాభై మీటర్లకి స్తంభాలని ఎదురెదురుగా కాకుండా కాస్త ముందువెనకలుగా పెడితే వంకర తిరిగి వెళ్ళాలి. సైకిల్ మెల్లగా తిరుగుతుంది, నలభై స్పీడు కోసం దూరినవాడికి విసుగొస్తుంది. ట్రాక్‌ని ఎత్తులో కట్టి, ఎక్కే వాలుని సైకిలుకి సరిపడా మాత్రమే ఇస్తే ఇంకొంత తగ్గుతారు. మిగిలినవాళ్ళకి కెమెరా చలానే. సిగ్నల్ దగ్గర స్టాప్ లైన్ దాటితే ఫోనుకి మెసేజ్ వస్తోంది, ఇక్కడ ఎందుకు రాదు?

రెండు పక్కలా ఒక్కో దారా, ఒక పక్కనే రానూపోనూ?

ఒక పక్కనే రెండు దారులు వేస్తే చోటు కలిసొస్తుంది, గట్టు ఒకటే చాలు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఎంబాంక్‌మెంట్ మీద 2016లో తెరిచిన తూర్పు-పడమర దారి ఇలాంటిదే. దాని మీద జరిగిన గొడవ మామూలుది కాదు. వ్యాపార సంస్థలు అడ్డుపడ్డాయి, నల్ల ట్యాక్సీల సంఘం కోర్టుకెక్కి ఓడిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణకి 21 వేలకి పైగా స్పందనలొస్తే 84 శాతం అనుకూలమన్నాయి. తెరిచాక రద్దీ వేళల్లో కీలకమైన చోట్ల, రోడ్డులో 30 శాతం చోటు తీసుకున్న సైకిల్ దారి 46 శాతం మందిని మోస్తోందని రవాణా సంస్థ లెక్క చెప్పింది.

అది అక్కడ కుదరడానికి కారణం ఒక పక్కంతా నది ఉండటం. నది వైపు నుంచి సందులు రావు, గేట్లు రావు, ఆటో వచ్చి చేరదు. మన దగ్గర అలాంటి చోట్లు ఉన్నాయి: నెక్లెస్ రోడ్డు మీద హుస్సేన్‌సాగర్ వైపు, విశాఖ బీచ్ రోడ్డు మీద సముద్రం వైపు, విజయవాడలో ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ గట్లు, రైల్వే గోడ వెంబడి రోడ్లు, యూనివర్సిటీ ప్రహరీలు. అక్కడ ధైర్యంగా అడగండి.

పది అడుగులకో షాపు, వంద అడుగులకో సందు ఉండే రోడ్డు మీద మాత్రం వద్దు. సందులోంచి బయటికొచ్చే కారు డ్రైవరు కుడివైపే చూస్తాడు, బండ్లు అటునుంచే వస్తాయి కనుక. ఎడమ నుంచి సైకిల్ వస్తుందని అతనికి తట్టదు. రాంగ్ రూట్ బైకుల వల్ల మనవాళ్ళకి రెండు పక్కలా చూసే అలవాటు కొంత వచ్చిందనుకోండి, దాన్ని నమ్ముకుని డిజైన్ చేయలేం. అక్కడ రెండు పక్కలా ఒక్కో దారి, ట్రాఫిక్ పోయే దిక్కులోనే ఉండాలి.

పార్కింగ్ లెక్క

గొడవంతా సైకిళ్ళ మీద అనుకుంటాం గానీ నిజానికి పార్కింగ్ మీద. 80 అడుగుల రోడ్డు తీసుకోండి, అంటే 24 మీటర్ల చిల్లర. రెండు పక్కలా రెండేసి మీటర్ల ఫుట్‌పాత్, రెండేసి మీటర్ల సైకిల్ ట్రాక్, మధ్యలో మీటరు డివైడర్ తీసేస్తే 15 మీటర్లు మిగులుతుంది. అటు రెండు లేన్లు, ఇటు రెండు లేన్లు పోను ఒక పక్కన పార్కింగ్‌కి కూడా చోటుంది. కాగితం మీద అన్నీ పట్టాయి. పట్టనిది రెండో పక్క పార్కింగ్, దాని పక్కన రెండో వరస పార్కింగ్, షాపు ముందు మెట్లు, ర్యాంపు, జనరేటర్. 60 అడుగుల రోడ్డయితే 18 మీటర్లు. అక్కడ ట్రాకులు వేస్తే అటొక లేను, ఇటొక లేను, ఒక పక్కన కాస్త చోటు. పార్కింగ్ ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి అని ముందే తేల్చుకోకపోతే ట్రాకే పార్కింగ్ అవుతుంది.

షాపులవాళ్ళతో గొడవ పడకుండా కుదిరే మార్గం ఒకటి ఉంది. ఫుట్‌పాత్ పక్కన ట్రాక్, దాని బయట పార్కింగ్, ఆ తర్వాత వాహనాల లేన్లు. ఆగి ఉన్న కార్లే సైకిళ్ళకి గోడ అవుతాయి. న్యూయార్క్‌లో నైన్త్ అవెన్యూ మీద 2007లో ఇలాగే చేశారు. మన దగ్గర ఒక జాగ్రత్త కావాలి: ఆటోలోవాళ్ళు ఎడమ పక్కకే దిగుతారు, కారులో వెనక కూర్చున్నవాళ్ళు ఎడమ తలుపే తీస్తారు, అది నేరుగా ట్రాక్‌లోకి తెరుచుకుంటుంది. ట్రాక్‌కీ పార్కింగ్‌కీ మధ్య కనీసం రెండు, మూడు అడుగుల గట్టు ఉండాలి. అది లేని డ్రాయింగ్‌ని ఒప్పుకోకండి.

గిరాకీ పోతుందన్న భయాన్ని కొట్టిపారేయకూడదు. బ్లూర్ స్ట్రీట్‌లో సర్వే చేస్తే లేన్ వచ్చాక కొనుగోలుదారుల రాకపోకలు, ఖర్చు పెరిగాయని తేలింది. కానీ అది కూరగాయలు, కాఫీ, బట్టల వీధి. మీ రోడ్డు మీద టైల్స్, ప్లైవుడ్, ఐరన్ షాపులుంటే వాళ్ళకి లారీ ఆగే చోటు కావాలి, లోడింగ్ టైములు కావాలి. వాళ్ళని విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. తోపుడు బండ్లవాళ్ళని కూడా. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీతో (వీధి వ్యాపారాల చోట్లు తేల్చే స్థానిక కమిటీ) పని లేకుండా రాత్రికి రాత్రి లేపేయడానికి లేదు. ట్రాక్ పేరు చెప్పి ఇడ్లీ బండిని తోలేస్తే ఆ ట్రాక్ మీద తొక్కేవాడికి పొద్దున టిఫిను కూడా పోతుంది, ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకే తరగతి జనం.

ఇరుకు రోడ్డయితే: కాలనీ వీధులు

40 అడుగుల రోడ్డు మీద గట్టు ట్రాక్ అడగడం వృథా. అక్కడ మెయిన్ రోడ్డుని వదిలేసి, దానికి సమాంతరంగా వెళ్ళే లోపలి వీధులని కలుపుకుంటూ దారి వేయించుకోవచ్చు. కార్లు ఆ వీధిలోకి రావొచ్చు గానీ అడ్డదారిగా వాడుకోకుండా ఒక చివర స్తంభాలు పాతుతారు. సైకిల్, మనిషి దాటతారు, కారు వెనక్కి తిరగాలి. ఖర్చు లేదు, చెట్ల నీడ ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు.

చిక్కేమిటంటే మన కాలనీలు గేట్లు పెట్టుకున్నాయి. ఒక కాలనీ నుంచి పక్క కాలనీకి దారి ఉన్నా రాత్రి పదికి తాళం పడుతుంది, కొన్నిచోట్ల పగలు కూడా. సైకిల్ మీద డ్యూటీకి పోయేవాడిని "ఎవరింటికి?" అని ఆపుతారు. ఇక్కడ కార్పొరేషన్‌ని అడిగి లాభం లేదు, ముందు మీ సంఘం గేటు తీయాలి. మెయిన్ రోడ్డు మీద ట్రాక్ కావాలని అర్జీ పెట్టే సంఘమే తన గేటుకి తాళం వేసుకుంటే ఏం చెప్పగలం?

జంక్షన్, బస్టాప్ చూపించని డ్రాయింగ్ చూడక్కర్లేదు

రెండు జంక్షన్ల మధ్య సైకిల్ తొక్కేవాడికి భయం వేస్తుంది, ప్రాణం పోయేది మాత్రం ఎక్కువగా జంక్షన్‌లో. మన డ్రాయింగుల్లో ట్రాక్ సరిగ్గా సిగ్నల్‌కి కాస్త ముందు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఫ్రీ లెఫ్ట్ మొదలవుతుంది. నేరుగా వెళ్ళాల్సిన సైకిలు, ఎడమకి తిరిగే బస్సు ఒకే చోట కలుస్తాయి. ఫ్రీ లెఫ్ట్ తీసేయడమో, ట్రాక్‌ని స్టాప్ లైన్ దాకా తెచ్చి సైకిళ్ళకి కొన్ని సెకన్లు ముందు సిగ్నల్ ఇవ్వడమో చేయాలి. సందుల మొదట్లో ట్రాక్ కిందికి దిగకూడదు. అదే ఎత్తులో సాగాలి, కారే దాన్ని స్పీడ్ బ్రేకర్‌లా ఎక్కి దిగాలి.

బస్టాప్ దగ్గర ట్రాక్ స్టాప్ వెనక నుంచి పోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక స్టాపుల్లో జనం ఎలా ఉంటున్నారో తెలుసు కదా. షెల్టర్ ముందున్న చోటు చాలదు, జనం రోడ్డు మీదే నిలబడతారు. ట్రాక్ వాళ్ళ ముందు నుంచి పోతే బస్సు రాగానే తొక్కిసలాట. వెనక నుంచి పోతేనే కాస్త ఊపిరి. దానికి ఫుట్‌పాత్ వైపు రెండు మీటర్లు అదనంగా కావాలి. ప్రతి స్టాప్ దగ్గరా ఆ చోటు ఉందో లేదో టేపు పట్టుకుని మీరే కొలవండి.

ఎండ, అంబులెన్స్, "ఇంత చిన్న ముక్కతో ఏం ఒరుగుతుంది"

ఎండలో ఎవరు తొక్కుతారంటే స్పెయిన్‌లో సెవిల్ పేరు చెప్పండి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు. అక్కడ 2006లో మొదలుపెట్టి ఏడాదిన్నరలోపే 80 కిలోమీటర్ల వేరు ట్రాకులు వేశారు, 5 వేల దాకా పార్కింగ్ చోట్లు తీసేశారు. రోజూ తొక్కే సైకిళ్ళు 6 వేల చిల్లర నుంచి కొన్నేళ్ళలో 70 వేలు దాటాయి. అయినా ఎండ అబద్ధం కాదు. ట్రాక్ కోసం చెట్లు కొట్టే డిజైన్ వస్తే అది ఎంత బాగున్నా వెనక్కి పంపండి.

అంబులెన్స్‌కి అడ్డం అంటారు. లండన్‌లో వెడల్పాటి ట్రాక్‌లోకి అంబులెన్సులు దిగి వెళ్ళిన సందర్భాలున్నాయి. సైకిల్ పక్కకి జరగగలదు, జామ్‌లో ఇరుక్కున్న కారు జరగలేదు.

మూడో అభ్యంతరం మాత్రం గట్టిది. సెవిల్ ఫలితానికి కారణం అన్నీ ఒకేసారి కలిపి వేయడం. ఎక్కడో మొదలై ఎక్కడా చేరని రెండు కిలోమీటర్ల ముక్క మీద ఎవరూ తొక్కరు, ఆ మాట నిజం. అందుకే మీ ముక్క ఏ మెట్రో స్టేషన్‌కో, హైస్కూలుకో, రైతుబజారుకో, ఇండస్ట్రియల్ ఏరియా గేటుకో చేరకపోతే, ముందు అది చేరేలా మార్చమనండి. గట్టు ఎత్తు గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ రోడ్డుకి ఏది?

80 అడుగులు, ఆ పైన ఉంటే రెండు పక్కలా ఎత్తు ట్రాక్, ఒక పక్కన దాని బయట పార్కింగ్. 60 అడుగులైతే అదే ట్రాక్, పార్కింగ్ ఒక పక్కనే, అదీ చోటున్నంత వరకే. షాపులు ఒప్పుకోకపోతే బొల్లార్డులతో ఆరు నెలల ట్రయల్, లెక్కలతో సహా. 40 అడుగులు, ఆ లోపు అయితే కాలనీ వీధులు. చెరువు, కాలవ, సముద్రం, పొడవాటి గోడ ఒక పక్క ఉంటే రానూపోనూ ఒకే ట్రాక్. కాకినాడ లాంటి చదునైన, వీధులు తిన్నగా ఉండే ఊళ్ళలో లోపలి వీధులతోనే ఊరంతా కలపొచ్చు, గట్ల జోలికి పోనక్కర్లేదు కూడా.

మీటింగుకి వెళ్ళేటప్పుడు నినాదాలు రాసుకెళ్ళకండి. అడ్డుకోత డ్రాయింగ్ అడగండి: ప్రతి ముక్కా ఎన్ని మీటర్లో అందులో ఉంటుంది. ఒక జంక్షన్, ఒక బస్టాప్ డ్రాయింగ్ విడిగా అడగండి. జాలీల కడ్డీలు అడ్డంగా ఉంటాయని, ట్రాక్ ఊడ్చే పని ఫలానా బీట్‌లో చేర్చామని, నిర్వహణ ఎన్నేళ్ళు కాంట్రాక్టరుదని రాతపూర్వకంగా తీసుకోండి. అవి చేతికొచ్చేదాకా శంకుస్థాపనకి మాత్రం వెళ్ళకండి, వెళ్తే ఫొటోలో మీరూ ఉంటారు.